ఒక కాలి హార్మోనియం కథ

విశ్వవిద్యాలయంలో పద్యనాటకాలు ఆడే విద్యార్థి సమాజానికి ఉండే ఆస్తి కొంచెమే. రంగు వెలిసిన రెండు తెరలు, పూసలు రాలిన కిరీటాలు, అట్టముక్కతో చేసిన గద, ఒక కాలి హార్మోనియం. తెరలు అద్దెకు దొరుకుతాయి. కిరీటాలు ఏటా కొత్తవి చేసుకుంటారు. విద్యార్థులు మూడేళ్ళకో ఐదేళ్ళకో పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతారు. హార్మోనియం ఒక్కటే ఉండిపోతుంది. ఈ కథ చెబుతున్న హార్మోనియం అలా ఉండిపోయినదే.

దీని వంశం పారిస్ నగరానిది. అక్కడ అలెగ్జాండర్ డిబేన్ 1840ల తొలినాళ్ళలో హార్మోనియానికి పేటెంటు పొందాడు. కాళ్ళతో తిత్తులు తొక్కితే గాలి పెట్టెలోకి చేరుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి ఇత్తడి రీడును కంపింపజేసి స్వరం పలికిస్తుంది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ పందొమ్మిదో శతాబ్దం చివర, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఆడించే చిన్న పెట్టెను తయారుచేశాడు. దేశంలో భజనలకూ పాట కచేరీలకూ అదే స్థిరపడింది. తెలుగు నాటకరంగం మాత్రం కాలి పెట్టెను వదల్లేదు. దానికి బలమైన కారణం ఉంది. నటుడు పద్యం చివర రాగం అందుకున్నాక ఏ స్వరం మీద నిలుస్తాడో, ఎక్కడ మలుపు తిప్పుతాడో హార్మోనిస్టుకు ముందుగా తెలియదు. వెంటపడి పట్టుకోవాలంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉండాలి. తిత్తి పని కాళ్ళు చూసుకుంటాయి.

విద్యార్థి సమాజంలో హార్మోనియం పని నాటకం నాటి రాత్రి కంటే చాలా ముందే మొదలవుతుంది. కొత్తగా చేరిన విద్యార్థి గొంతు ఏ శ్రుతిలో నిలుస్తుందో మొదట తేల్చేది ఇదే. పై షడ్జం అందక గొంతు చీలితే హార్మోనిస్టు అర శ్రుతి దించి మళ్ళీ పాడిస్తాడు. మైకులు లేని కాలంలో చివరి వరుస దాకా వినిపించాలని నటులు శ్రుతి బాగా పెంచి పాడేవారు. మైకు వచ్చాక ఆ అవసరం తగ్గింది, గొంతులకు విశ్రాంతి దొరికింది. మరో చిక్కు అమ్మాయిలు రంగం మీదికి వచ్చాక ఎదురైంది. మగపిల్లలే ఆడవేషాలు కట్టిన రోజుల్లో సీను మొత్తం ఒకే శ్రుతిలో నడిచిపోయేది. కృష్ణుడు ఒకటిన్నర శ్రుతిలో, ద్రౌపది ఐదున్నర శ్రుతిలో పాడవలసి వచ్చేసరికి పద్యం పద్యానికీ శ్రుతి మార్చుకోవలసి వచ్చింది. తంబురా అయితే మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. హార్మోనియంలో ఏ మెట్టునైనా షడ్జం చేసుకోవచ్చు. పన్నెండు స్వరాల మధ్య దూరాలన్నీ సమానంగా ఉండటమే దానికి కారణం.

సంగీతజ్ఞులు ఈ వాద్యంలో ఎంచిన దోషం కూడా సరిగ్గా అదే. స్వరాలు బిగదీసినట్టు ఉంటాయి, గమకం పలకదు. ఈ అభ్యంతరాలతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసింది. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. గమకం పలకదన్న మాట నిజం. కానీ గమకం నటుడి గొంతులో ఉంది. ఆ గొంతు దారి తప్పకుండా చూడటమే ఈ పెట్టె పని, ఆ పని ఇది ఏనాడూ తప్పలేదు. రెండో పాదం మరిచిపోయి విద్యార్థి గుడ్లప్పగించి నిలబడినప్పుడు, మొదటి పాదం బాణీని మరోసారి వాయిస్తూ హార్మోనిస్టు కొంత వ్యవధి కల్పిస్తాడు. ఆ లోపల ప్రాంప్టరు తెర చాటు నుంచి మాట అందిస్తాడు. ప్రేక్షకులకు మరుపు జరిగినట్టే తెలియదు. ఈ హార్మోనియం గర్వంగా చెప్పుకునే పనుల్లో అది మొదటిది.

విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునేవి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో రాయబారం సీను, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రలో కాటిసీను. పూర్తి నాటకం రాత్రంతా సాగుతుంది గనుక కళాశాలకు ఒక్క సీనే వీలవుతుంది. పద్యం బాగా పండితే హాలంతా వన్స్‌మోర్ అని కేకలు వేస్తుంది, నటుడు మళ్ళీ అందుకుంటాడు. సంగీతం నటనను మింగేస్తోందని బళ్ళారి రాఘవ వంటి మహానటుడు బాధపడ్డాడు. ఆయన మాటలో న్యాయముంది. అర్థం వదిలేసి రాగం సాగదీసే విద్యార్థికి అది ఇప్పటికీ చెప్పవలసిన మాటే. రాగం మాటను మోయాలి గాని ముంచకూడదు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి విద్యార్థి నాటకాన్ని ప్రాణంగా చూసుకుని, కళాశాలల మధ్య పోటీలను ప్రోత్సహించారు. పోటీల వల్ల నాటకం బతికింది, కొత్త రచనలు వచ్చాయి. పద్యానికి మాత్రం చోటు ఇరుకైంది. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాలు 1954లో ఢిల్లీలో మొదలయ్యాయి. నేటి యువజనోత్సవాల నాటక విభాగంలో ఏకాంకిక, స్కిట్, మైమ్, మిమిక్రీ ఉన్నాయి. పద్యనాటకానికి విడిగా స్థానం లేదు. బృందగానం సంగీత విభాగంలోకి పోయింది, నటన నాటక విభాగంలోకి పోయింది. పాడుతూ నటించేవాడు రెండింటి మధ్యా నిలబడిపోయాడు. బహుమతి లేనిచోట రిహార్సలు నిలవదు, రిహార్సలు లేనిచోట హార్మోనిస్టు అక్కరలేదు.

ఈ హార్మోనియం మేడమెట్ల కింది గదికి చేరింది అప్పుడే. మొదటి ఏడాది దాని మీద దుప్పటి కప్పారు. మరుసటి ఏడాది ఆ దుప్పటిని ఎవరో తెరకు అతుకు వేశారు. తరువాత విరిగిన కుర్చీలు వచ్చి మీద పడ్డాయి, ఎన్నికల బ్యానర్లు, రంగు డబ్బాలు వచ్చాయి. ఆయుధపూజ నాడు ఒకరు మూత మీద కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళారు, మూత మాత్రం తీయలేదు. వానాకాలంలో గోడ చెమ్మగిల్లి చెక్క ఉబ్బింది, మెట్లు ఒకదానికొకటి ఒరుసుకుని లేవడం మానేశాయి. ఎండాకాలంలో తిత్తి తోలు బీటలు వారింది. ఎలుకలు దాన్ని మూలల నుంచి కొరికాయి. రీడ్ల నాలుకల కింద దుమ్ము చేరి కొన్ని మూగబోయాయి, కొన్ని జీరపోయాయి. వాయిస్తే పాడైపోతుందని భయపడి కొందరు దీన్ని ముట్టుకోలేదు. నిజానికి హార్మోనియం వాయించకపోతేనే పాడవుతుంది. గాలి తిరిగితే దుమ్ము నిలవదు, తిత్తి ఆడుతూ ఉంటే తోలు బిగుసుకోదు.

అన్నిటికంటే పెద్ద నష్టం ఈ చెక్కకు జరిగినది కాదు. పద్యం పాడే తీరు ఒక తరం విద్యార్థి నుంచి మరో తరానికి ఈ పెట్టె చుట్టూ కూర్చునే చేరింది. సీసపద్యాన్ని ఎక్కడ విరవాలో, తేటగీతిలోకి ఎలా దిగాలో, ఏ మాట మీద రాగం అందుకోవాలో చెప్పే పాఠ్యపుస్తకం లేదు. పై తరగతి విద్యార్థి పాడితే కింది తరగతి విద్యార్థి విని పట్టుకునేవాడు. మూత పడిన ఏడాదితో ఆ వరుస తెగిపోయింది. చివరకు స్టాకు రిజిస్టరులో దీని పేరు పక్కన పనికిరాని వస్తువు అని రాశారు. విరిగిన కుర్చీలతో కలిపి వేలానికి పెట్టారు.

ఆ రాసినది పొరపాటు. ఇత్తడి రీడ్లు అంత తేలిగ్గా చెడిపోవు. వాటిని తీసి శుభ్రం చేయవచ్చు. శ్రుతి తగ్గిన రీడును కొస దగ్గర, పెరిగినదాన్ని మొదలు దగ్గర కొద్దిగా గీకి సరిచేయవచ్చు. తిత్తికి కొత్త తోలు వేయవచ్చు. విద్యార్థి సమాజాల బాధ్యతలు చూసే అధ్యాపకులు వేలం కాగితం మీద సంతకం పెట్టే ముందు తెలిసిన హార్మోనిస్టును పిలిపించి మూత తీయించాలి. బాగయ్యాక వారానికి ఒకసారైనా తొక్కించాలి. ప్రతి ఏడూ మొదటి సంవత్సరం విద్యార్థుల్లో ఒకరిద్దరిని ఎంచి, పద్యంతో పాటు మెట్లూ నేర్పించాలి.