కాలాజీరా లింకుల కంపు

కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ గుర్తింపొచ్చింది. ఇక ఆన్‌లైన్ అంగడివాళ్లకు పూనకమొస్తే చూడాలి! కొట్టేమో రాయగడలో, గూగుల్‌లో పైకి రావాలని కొన్న లింకులేమో క్రికెట్ సైట్లో ఒకటి, కీళ్లనొప్పుల తైలం సైట్లో ఇంకొకటి. అన్నింటి మీదా పొల్లుపోని ఒకే రాత: ‘బెస్ట్ కాలాజీరా రైస్ చవక ధర’. తిని మెచ్చినవాడు అలా రాస్తాడా? కొట్టు పేరు చెబుతాడు, ‘జయపురం వైపు పండే సన్నబియ్యం’ అంటాడు, ఏదీ తోచకపోతే ‘ఇదిగో ఇక్కడ’ అంటాడు. ఈ బియ్యం ఉడికితే ఇల్లంతా ఘుమఘుమ. కొన్న లింకుల వాసన మాత్రం గూగుల్ 2012లోనే, పెంగ్విన్ అప్‌డేట్‌తో పసిగట్టింది. అలా దొరికిపోయి గూగుల్ వెతుకులాటలో కిందపడ్డ సైటును లేపడం కన్నా 1,672 మీటర్ల దేవమాలి కొండ ఎక్కడం సులువు. అన్నట్టు, అంత చవక బియ్యం కిలో ఎంతో ఆ కొట్టు సైట్లో ఎక్కడా ఉండదండీ!