కొల్లేరంటే ఆటపాక స్టాండ్లు కాదురా అబ్బాయ్

ఏరా అబ్బాయ్, ఆదివారం పొద్దున్నే కారేసుకుని ఆటపాక వెళ్ళి, ఇనప స్టాండ్ల మీద కూర్చున్న గూడబాతుల్ని ఫోన్లో ఫొటోలు తీసుకుని, భోజనాల వేళకి కైకలూరు చేరి "కొల్లేరు చూసొచ్చాం తాతయ్యా" అంటావా? పైగా వాటిని సైబీరియా పక్షులంటావు. గూడబాతు ముమ్మాటికీ మన దేశపు పిట్టేరా. చలికాలంలో ఉత్తరాన్నించి దిగేవి సూదితోక బాతుల్లాంటివి వేరే ఉన్నాయి. మా రోజుల్లో బడికి పోని పిల్లాడిక్కూడా ఏ పిట్ట ఇక్కడిదో, ఏది చుట్టపుచూపుగా వచ్చిందో తెలిసేది. అది సరే, ఆ స్టాండ్లు ఎందుకు పాతారో ఎవర్నైనా అడిగావా? గూడు కట్టుకోడానికి సరిపడా చెట్లు లేక.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పడుకున్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోసేవి, ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోయేది. వానాకాలం ఉబ్బేది, వేసవికి ముడుచుకునేది. కొల్లేరు ఎందాకా ఉందని ఎవరైనా అడిగితే, ఏ నెలలో అని మేం ఎదురడిగేవాళ్ళం. నీరు తీసిన చోట దాళ్వా వరి ఊడ్చేవాళ్ళు, గేదెల్ని మేపుకునేవాళ్ళు. మళ్ళీ నీరొస్తే ఎవరూ ఏడవలేదు, దోనెలు దింపేవాళ్ళు. రెండు తాటి మొదళ్ళు తొలిచి పక్కపక్కన బిగిస్తే దోనె. గెడ చేతిలో ఉంటే పెళ్ళికైనా, సంతకైనా, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకైనా అదే బండి. ఇంటిల్లిపాదీ చద్దిమూటతో ఎక్కి, కిక్కిస దుబ్బుల మధ్య నించి పోతుంటే పరజలు గుంపులుగా లేచేవి. ఇప్పుడు జాతరకి కార్లలో వచ్చి, అరగంటలో దణ్ణం పెట్టుకుని, పార్కింగు గురించి పోట్లాడుకుని పోతున్నారు.

చేప సంగతి చెప్తాను విను. వెదురుబద్దల మావులు నీళ్ళలో పాతి, తెల్లారగట్ల వెళ్ళి తీస్తే కొర్రమేను, మట్టగిడస, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి, ఏది పడితే అది. మా నాయనమ్మ కొర్రమేనుని బానలో వదిలి పైన చాట బోర్లించి రాయి పెట్టేది, లేకపోతే ఎగిరి వాకిట్లో పడేది. పైకొచ్చి గాలి పీల్చుకునే చేప కదా, తడి ఉంటే చాలు, బయట కూడా చాలాసేపు బతుకుతుంది. బూడిద అద్ది, రాతి మీద రుద్ది, జిగురంతా వదిలించేది. ఆ తర్వాత పాత చింతపండు పులుసు, పిడకల పొయ్యి, మూడు గంటల ఓపిక. ఆ కూర తెల్లారి తినాలి, రాత్రే తింటే దానికి మర్యాద చేసినట్టు కాదు. నువ్వు నిన్న సంచిలో తెచ్చింది తవుడు మేసి చెరువులో లావెక్కిన బొచ్చె.

తాగడానికీ ఆ కొల్లేటి నీళ్ళే. కుండ లోపల ఇండుపగింజ అరగదీస్తే మట్టంతా అడుక్కి దిగి నీరు తేటపడేది. ఇప్పుడు చుట్టూ నీళ్ళే, మీ అమ్మ మాత్రం టిన్ను కొంటుంది. కొనక ఏం చేస్తుంది, చెరువుల్లో కోడిపెంట పోసినాక ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోగలమా?

634 నాటి ఐహోళె శాసనంలో పులకేశి యుద్ధానికి నీరు ఎర్రబడిందని రాసిన కునాళ సరస్సు ఇదేనంటారు. రాజులూ గజపతులూ వచ్చి పోయారు, సరస్సు మిగిలింది. దాన్ని చంపింది మన చేపల చెరువులు. 1970లలో పేదల సొసైటీలకని మొదలై, పోనుపోను డబ్బున్నవాళ్ళ చేతికి పోయాయి. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడినేలలకిచ్చే రామ్‌సార్ గుర్తింపు అన్నారు, 2006లో చెరువుల గట్లు పేల్చేశారు. పేల్చిన గట్లు మళ్ళీ లేచాయి. నీరు పారే దారి లేకపోతే ఏమవుతుందో 2024లో కళ్ళారా చూశావు కదా. బుడమేరు బెజవాడ ముంచి ఇటొచ్చింది, చినఎడ్లగాడి దగ్గర రోడ్డెక్కింది, లంకల్లో జనం ఇళ్ళలో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు.

రోడ్డు వద్దనను. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషిని దోనెలో పడుకోబెట్టి, లాంతరు పట్టుకుని, గాలివానలో గెడ వేసుకుంటూ పోయిన రోజులు నాకు తెలుసు. అందరూ ఒడ్డు చేరలేదు. ఆ ఒక్కటి తప్ప, మీరు తెచ్చినదేదీ నాకు నచ్చలేదు. రోడ్డు వేసేటప్పుడు కింద నీరు పోడానికి ఖానాలు ఎక్కువ వదిలితే దాన్నీ మెచ్చుకునేవాణ్ణి.

వచ్చే ఫాల్గుణంలో నన్ను కొల్లేటికోట తీసుకెళ్ళు, కారులోనే సరే. దారిలో ఎవరి గట్టు ఎక్కడుందో, దాని కింద ఏ కాలువ పూడిపోయిందో ఒక్కొక్కటీ ఆపి చూపిస్తాను. ఆ ఫోన్లో ఫొటోలు తీస్తే అవి తియ్యి.