రహీం సాబ్ అడిగిన కానుక

1962 సెప్టెంబరు 3 రాత్రి, జకార్తా. తెల్లారితే ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఎదుట దక్షిణ కొరియా. లీగ్ దశలో మనవాళ్లను 2-0తో మట్టికరిపించిన జట్టే అది.

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టారు. వ్యూహాల సంగతి తర్వాత, ముందు తనకో కానుక కావాలన్నారు. ఏమిటది అన్నట్టు చూశారు కుర్రాళ్లు. రేపు బంగారు పతకం గెలిచి ఇవ్వండి, చాలన్నారు.

ఆయన హైదరాబాదీ. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, బడిలో పాఠాలు చెప్పి, 1950లో సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది మొదలు 1954 దాకా రోవర్స్ కప్ వరుసగా ఐదుసార్లు హైదరాబాద్‌కే వచ్చింది. వాటం లేని కాలితో మాత్రమే బంతి తన్నాలని షరతు పెట్టి కుర్రాళ్లకు పోటీలు నడిపేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

జకార్తాలో పరిస్థితి బాగాలేదు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు మన క్రీడా పెద్ద జి.డి. సోంధీ ఇండోనేషియాను తప్పుపట్టారు. ఆ కోపమంతా మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ నుంచి ఇంకా తేరుకోలేదు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి.

రహీం తంగరాజ్‌నే గోల్ దగ్గర నిలబెట్టారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను సెమీఫైనల్‌లో చేసినట్టే వెనక నుంచి తీసి ముందుకు పంపారు, గోల్ కొట్టమని. ఫైనల్లో ఇంత తెగింపు ఎంతమంది కోచ్‌లకుంటుంది!

స్టేడియంలో లక్ష మంది. మన జాతీయ గీతం వస్తుంటే ఈలలు, కేకలు. మనవాళ్ల కోసం చప్పట్లు వినిపించింది ఒక్క మూల నుంచే. అక్కడ కూర్చున్నది పాకిస్థాన్ హాకీ జట్టు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి బంగారం పట్టుకెళ్తున్నవాళ్లే!

17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో ఇంకొకటి. కొట్టింది జర్నైల్ సింగ్. కొరియా 85వ నిమిషంలో ఒకటి తిరిగి ఇచ్చింది. మిగిలిన అయిదు నిమిషాలూ మనవాళ్లు గోడ కట్టారు. 2-1.

రహీం సాబ్‌కు కానుక ముట్టింది. తొమ్మిది నెలలు తిరిగాయో లేదో, 1963 జూన్ 11న, క్యాన్సర్ ఆయన్ను తీసుకెళ్లింది. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల బంగారం ముఖం చూడలేదు.

జకార్తాలో ఆడినవాళ్లను ప్రభుత్వం మరిచిపోలేదు. బెనర్జీ, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్, అందరికీ అర్జున పురస్కారాలు వచ్చాయి. 1985లో కోచ్‌ల కోసం ద్రోణాచార్య పురస్కారం పెట్టారు. 1990లో అది ఫుట్‌బాల్‌కు దక్కింది. అందుకున్న సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులోంచి వచ్చినవాడే.

ఆ జాబితాలో రహీం పేరు లేదు.