వివాహ మినహాయింపు సూత్రం: బేసింగ్‌స్టోక్ టీక

మూలం:
పతి సంపాదించుచుండగా, సతి యింటనుండగా, ఆమె వాడని మినహాయింపులో 1,260 పౌండ్లను అతనికి ధారపోయవచ్చును.

అవతారిక: సర్కారు వారి ఇంగ్లీషు వచనాన్ని ఇలా సూత్రంగా కుదించిన పాపం నాదే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెదకుసీమ నుంచి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మహానుభావుడు గానీ, ఇంగ్లండు పన్నుల జాబు ఆయన కంట పడలేదు. పడితే రెండో ఒట్టు తీసి గట్టున పెట్టేవాడు.

ఇక ఈ వ్యాఖ్య ఎందుకంటే, ఇక్కడి పౌరుడైన కుర్రాణ్ణి చేసుకుని హైదరాబాదు నుంచి మొన్ననే దిగిన ఒక కొత్త కోడలు గోధుమరంగు కవరు తెచ్చి మా వంటింటి బల్ల మీద, పోపులడబ్బా పక్కన పెట్టింది. "బాబాయ్ గారూ, ఇందులో ప్రతి వాక్యమూ 'వచ్చును' అంటోంది. ఇంతకీ నేను చెయ్యాలా, వద్దా?"

ప్రతిపదార్థం: పతి, సతి, ఇల్లు బడిపిల్లలకు తెలిసిన మాటలే, వదిలేస్తున్నాను. తేలవలసింది 'వచ్చును' ఒక్కటే.

చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఉత్తుకు సంధి నిత్యం. ఏమ్యాదుల ఇత్తుకు వికల్పం. అత్తు దగ్గరికి వచ్చేసరికి 'బహుళం' అన్నాడు. బహుళమంటే నాలుగు దారులు: ఒకచోట జరుగుతుంది, సీత, అమ్మ కలిసి సీతమ్మ. ఒకచోట జరగదు, అమ్మ ఇచ్చెను అన్నప్పుడు యడాగమం వచ్చి 'అమ్మయిచ్చెను'. ఒకచోట రెండూ సరే, పుట్టినిల్లు అన్నా పుట్టినయిల్లు అన్నా తప్పు లేదు. మరొకచోట అనుకున్నది కాక ఇంకేదో పుడుతుంది, అదే అన్యకార్యం: ఒక, ఒక కలిసి ఒకానొక. ఇంత వెసులుబాటున్న మాట మన వ్యాకరణంలో మరొకటి లేదు. లోకమే అలా ప్రవర్తిస్తుంటే సూరి ఒక్కమాటలో కట్టేశాడు. ఆయన్ని కష్టపెట్టి చదివించారని బళ్లో తిట్టుకున్న వాళ్లందరూ ఇక్కడ పన్ను కట్టడానికి వస్తే కాళ్లకు మొక్కుతారు.

ఎందుకంటే సర్కారు వారి వచ్చును అక్షరాలా బహుళం. భర్త జీతం 12,570 దాటి 50,270 లోపల ఉందా, జరుగుతుంది. ఏడాదికి 252 పౌండ్ల దాకా మిగులుతాయి. 50,270 దాటిందా, జరగదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం భార్య ఇష్టం. దరఖాస్తు చేయవలసింది ఆమే గనక ఇది వికల్పం. కన్యాదానంలో ధార పోసేది తండ్రి; 2015 ఏప్రిల్ నుంచి ఇక్కడ వధువే పోస్తోంది. అన్యకార్యం జీతం చీటీలో కనిపిస్తుంది. అతని కోడ్ 1257ఎల్ కాస్తా 1383ఎమ్ అవుతుంది; ఆమెకు కొలువు దొరికిన నాడు 1131ఎన్ తగులుకుంటుంది. ఆ ఏడాది ఆమె జీతం 12,570 దాటితే, మొగుడి జేబులోకి వెళ్లిన 252 పెళ్లాం జేబులోంచి సర్కారుకు తిరిగిపోతుంది.

పూర్వపక్షం: ధారపోయాలంటే ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్లూ కావాలి. కొత్తగా నంబరు అడిగే మనిషి పని చేస్తుండాలి, లేదా వెతుకుతుండాలి, లేదా పని దొరికి ఉండాలి. "అంటే బాబాయ్ గారూ, ఉద్యోగం లేనందుకు దొరికే రాయితీకి ఉద్యోగం వేటలో ఉన్నానని రాయాలా?" తార్కికులు దీన్ని వ్యాఘాతమంటారు. సమాధానం: ఆ పిల్ల ఫార్మసీ చదివింది, నిజంగానే వెతుకుతోంది. వెతకని అమ్మాయి ఏం రాయాలో సూత్రకారుడు చెప్పలేదు.

చారిత్రక విశేషం: మా ఊరు బేసింగ్‌స్టోక్‌కు పక్కనే ఉన్న స్టీవెంటన్‌లో 1775లో జేన్ ఆస్టెన్ పుట్టింది. పుస్తకం పట్టుకుని నడుస్తున్న ఆమె కంచు విగ్రహం 2017 నుంచి మా మార్కెట్ ప్లేస్‌లో ఉంది. ఆమె స్టీవెంటన్‌లో ఉండగానే, 1799లో, ప్రధాని చిన్న పిట్ ఆదాయప్పన్ను తెచ్చాడు. ఆమె నవలల్లో పెళ్లికొడుకు గడప దాటేలోపే అతని ఏడాది రాబడి ఊరంతా పాకుతుంది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ గారిది 10,000 పౌండ్లు. ఆ నవల అచ్చయిన 1813లో పన్ను నూటికి పది. వెయ్యి తీసేస్తే తొమ్మిదివేల డార్సీయే మిగులుతాడు. పెళ్లికూతురి తల్లి మిసెస్ బెన్నెట్ ఆ తీసివేత చేసినట్టు ఎక్కడా కనపడదు.

ఆనాటి నుంచి 1990 దాకా చట్టం దృష్టిలో పెళ్లాం రాబడి మొగుడి రాబడే. ఆ ఏడు ఏప్రిల్ 6న, అంటే పన్నుల ఉగాది నాడు, ఎవరి లెక్క వారిదయింది. మంచిదే. అమెరికాలో ఉన్న అక్క "జాయింట్‌గా ఫైల్ చెయ్యండే" అని ఫోన్లో సలహా ఇస్తే ఇక్కడ చెల్లదు. బాగానే ఉంది గానీ, ఇదే దంపతులు వీసా కిటికీ దగ్గర ఒకే శరీరం కదా? కుర్రాడి జీతం 29,000 ఉందని చూపిస్తేనే పిల్ల విమానం ఎక్కింది. అక్కడ అర్ధనారీశ్వరులు, పన్ను దగ్గర ఇరుగుపొరుగు. ఇది చాలక 33 నెలల వీసాకు వైద్యం పేరిట 3,105 పౌండ్లు ముందే కట్టించుకున్నారు. రేపు జీతం వస్తే అందరితో పాటు పన్నూ, ఇన్సూరెన్సూ కోస్తారు. ఒకే ఆసుపత్రికి రెండుసార్లు ఎందుకు కట్టాలో ఏ వ్యాఖ్యాతా చెప్పలేడు, నాతో సహా.

శేషం: పెళ్లికి ముందు జీతంలో దాచుకున్న ఎఫ్‌డీ ఒకటి ఆమెకు హైదరాబాదులో ఉంది. ఇక్కడ నివాసి అయ్యాక ఆ వడ్డీ కూడా ఇక్కడి లెక్కలోకే వస్తుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను లేదు గనక ఆమె నిశ్చింతగా నిద్రపోవచ్చు. 2025 ఏప్రిల్ 6 నుంచి ఇంకో వరం కూడా ఉంది: గత పదేళ్లూ ఈ దేశపు నివాసి కానివారికి, వచ్చిన మొదటి నాలుగేళ్లూ విదేశీ రాబడి మీద పన్ను మాఫీ. మాఫీ కావాలంటే మాత్రం ఆ రాబడెంతో రిటర్నులో రాయాలి, ఆ ఏటి 12,570 మినహాయింపూ వదులుకోవాలి. 20 శాతం లెక్కన చూసినా జీతగాళ్లకు అది 2,514 పౌండ్ల దాకా నష్టం. విదేశాల్లో కోట్లున్న దొరకు చిల్లర. ఆ సూత్రానికి టీక రాసే ఆడిటర్లు లండన్‌లో ఉన్నారు. వాళ్లు గంటకు పుచ్చుకునే సంభావన నాకు ముట్టదు గనక దాని జోలికి పోను.