ఉచితంగా గుర్తుచేయబడును

ఈ మధ్య నాకున్న పని ఒక్కటే: చెయ్యాల్సిన పనులు ఎందులో రాసుకోవాలో తేల్చుకోవడం. ఇంకా తేలలేదు. ఈలోగా కరెంటు బిల్లు గడువు దాటింది. స్కూటరు ఇన్సూరెన్సు దాటడానికి సిద్ధంగా ఉంది. మేడమీద ట్యాంకు కడిగించే సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తడం లేదంటే కోపం తగ్గిందని కాదు, ముదిరిందని. ఫోన్లో మాత్రం అరడజను యాప్‌లు కొలువుతీరి ఉన్నాయి. ఏది తెరిచినా అందులో మొదటి పని ముందే రాసి ఉంటుంది: ‘ఈ యాప్ ఎలా వాడాలో నేర్చుకోండి.’ నాకున్నవి చాలవని వాళ్ళ పని ఒకటి తెచ్చి నా నెత్తిన పెట్టారు. దానికి గడువు కూడా వాళ్ళే వేశారు. ఈరోజేనట.

అన్నీ ఉచితమే. పనులు ఎన్నైనా రాసుకోవచ్చు, ఉచితం. వాటిమీద ఎర్ర జెండా, పసుపు జెండా పాతుకోవచ్చు, ఉచితం. ఫలానా టైముకి గుర్తుచెయ్యమంటే మాత్రం ఒక కిరీటం బొమ్మ ప్రత్యక్షమై నెలకింత అంటుంది. గుర్తుచెయ్యని జాబితా నాకెందుకండీ? మర్చిపోవడం నాకు ఏ యాప్ సాయమూ లేకుండా వచ్చు.

ఇంకోదానిలో ఉచిత ఖాతాకు ఐదు విభాగాలే. ఇల్లు, ఆఫీసు, ఒళ్ళు, అప్పులు, చుట్టాలు. ఐదూ నిండిపోయాయి. రాసిస్తానని ఒప్పుకున్న వ్యాసాలు ఎక్కడ పెట్టాలి? బాగా ఆలోచించి అప్పుల్లో పెట్టాను. మూడోదానిలో విభాగాలకు లోటు లేదు కానీ నడుమ ప్రకటనలొస్తాయి. ‘బీపీ మాత్రలు కొనాలి’ అని రాసి వేలు తీశానో లేదో, కిందనే టర్మ్ ఇన్సూరెన్సు ప్రకటన వెలిసింది. రాసినదానికీ వెలిసినదానికీ సంబంధం లేదని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో ఒట్టేసి చెప్పాడు. వాడూ ఆ వ్యాపారంలోనే ఉన్నాడు కాబట్టి ఆ ఒట్టు ఎంతవరకు చెల్లుతుందో తెలియదు.

టూడూయిస్ట్ అనే యాప్ 2007 నుంచీ ఉంది. అందులో పని పూర్తిచేస్తే పాయింట్లిస్తారు. ఆ పాయింట్ల పేరు కర్మ. గడువు దాటిన పనులు రోజుల తరబడి పేరుకుంటే కర్మ కరిగిపోతుంది. 50,000 కూడబెడితే జ్ఞానోదయమైనవాడి హోదా దక్కుతుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నా కర్మకు ఇప్పటిదాకా చిత్రగుప్తుడి దగ్గర ఒక్క ఖాతాయే ఉంది. రెండోది తెరిస్తే లెక్కలు సరిపోవు.

“నాన్నా, యాప్ ముఖ్యం కాదు, పద్ధతి ముఖ్యం,” అన్నాడు మావాడు. డేవిడ్ అలెన్ అనే అమెరికా ఆయన 2001లో దీనిమీద ఒక పుస్తకం రాశాడు, ‘గెటింగ్ థింగ్స్ డన్’ అని. రెండు నిమిషాల్లో అయ్యే పనైతే జాబితాలో రాయకుండా అప్పటికప్పుడే చేసెయ్యాలన్నది అందులో ప్రసిద్ధమైన సూత్రం. మర్నాడు ఆచరించాను. తులసికి నీళ్ళు, కళ్ళజోడు తుడవడం, పాత రసీదులు చింపడం, గోడ గడియారం సరిచెయ్యడం, గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు. రెండు నిమిషాల పనులు రెండు నిమిషాల్లోనే అయ్యాయి. రోజు కూడా వాటితోనే అయింది. ట్యాంకు మాత్రం రెండు నిమిషాల్లో అయ్యేది కాదు కాబట్టి సూత్రం ప్రకారం దాన్ని ముట్టుకోలేదు.

దీనికి శాస్త్రం వత్తాసు కూడా ఉంది. సగంలో ఆగిన పని పూర్తయిన పనికంటే బాగా గుర్తుంటుందని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో ప్రయోగాలు చేసి రాసింది. 2011లో అమెరికాలో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు ఇంకాస్త ముందుకెళ్ళారు. పని పూర్తిచెయ్యకపోయినా ఫరవాలేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖాయంగా అనుకుంటే చాలు, అది మనసును పీకడం మానేస్తుందిట. నాకు రాత్రిళ్ళు హాయిగా నిద్రపడుతోందంటే ఆ మహానుభావుల చలవే. ఈ సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనకుండా ఒకసారి పైకి, ట్యాంకు ఉన్న వైపు చూసింది.

అన్నిటికంటే నన్ను విసిగించింది ‘మళ్ళీ మళ్ళీ వచ్చే పని’ అన్న సౌకర్యం. నెలకోసారి క్షవరం అని రాశాను. ఏ వారం? అనడిగింది యాప్. చూడ్డానికి న్యాయమైన ప్రశ్నే.

సోమవారం కుదరదు, శివుడి వారం. మంగళవారం మా వీధి సెలూనే తెరవరు. తెరిచినా మంగళవారంనాడు తలమీద కత్తెర పడకూడదని మా అత్తగారి శాసనం. బుధవారం లోకంలో అందరికీ పనికొస్తుంది, నాకు తప్ప. నేను పుట్టింది బుధవారం, జన్మవారంనాడు జుట్టు తీయించుకోకూడదు. గురువారం సాయిబాబాది. ఆ భక్తి మా మేనత్తది, ఆవిడ ఉండేది పక్క వీధిలో, అయినా గురువారం సాయంత్రం నున్నటి మెడతో ఆవిడ కంటబడి బతికి బట్టకట్టినవాడు మా వంశంలో లేడు. శుక్రవారం లక్ష్మీదేవి, చర్చే లేదు. శనివారం వెంకటేశ్వరస్వామిది. ఆ స్వామికి కొండమీద కళ్యాణకట్టలో శనివారమే బారులు తీరి మరీ గుండు ఇవ్వచ్చు, కొండ కింద సెలూన్లో చారెడు జుట్టు ఇవ్వకూడదు. ఎందుకని అడిగితే, అది మొక్కు, ఇది సోకు అన్నారు అత్తగారు. జవాబు దొరక్క ఊరుకున్నాను.

ఇక మిగిలింది ఆదివారం. అది నాకొక్కడికే మిగల్లేదు, ఊరందరికీ మిగిలింది. పొద్దున వెళితే కుర్చీలన్నీ నిండి, బెంచీ కూడా నిండి, నిలబడి పేపరు చదువుతున్నవాళ్ళు కనిపిస్తారు. పోనీ సాయంత్రం వెళదామంటే నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ వారం అమావాస్యో ఏకాదశో పడిందంటే ఆదివారమూ పోయినట్టే. పైగా వర్జ్యం. రాహుకాలమైతే వారాన్నిబట్టి ఉంటుంది కాబట్టి కాస్త నమ్మచ్చు. వర్జ్యం నక్షత్రాన్నిబట్టి రోజుకోచోట తేలుతుంది, పంచాంగం చూస్తే తప్ప ఎవరికీ దొరకదు. ఇదంతా ఆ యాప్‌కి ఎలా చెప్పను? దానికి తెలిసింది ‘ప్రతి నెలా మూడో ఆదివారం’ వరకే. ‘అమావాస్య కాని, వర్జ్యం లేని, బెంచీ ఖాళీ ఉన్న ఆదివారం’ అన్న బొత్తాం అందులో లేదు. డబ్బు కట్టినవాళ్ళకైనా ఉందేమోనని కిరీటం నొక్కి చూశాను. ముదురు నీలం తెర, వారానికో నివేదిక, నెల నెలా చందా ఉన్నాయి. రాహువు లేడు.

చాలా యాప్‌లకు ఉదయం 9 గంటలంటే ఎందుకో మహా ఇష్టం. టైము చెప్పకపోతే అవే 9 అని వేసేసుకుంటాయి. శనివారం సరిగ్గా 9కి రాహుకాలం మొదలై పదిన్నర దాకా నడుస్తుంది. పోయిన శనివారం 9కి ఫోను టింగుమని మోగి, క్షవరం అంది. అత్తగారు పూజగదిలోంచి తొంగిచూశారు. శనివారం, రాహుకాలం, క్షవరం! మూడు తప్పులు ఒక్క టింగులో. రేపటికి నెట్టేశాను. ఆ పని ఇప్పుడు యాప్‌లో ఎర్రబడి ఉంది, జుట్టు చెవులమీదికి దిగింది.

ఇన్ని కష్టాలుపడి ఒకదానికి అలవాటు పడ్డామనుకోండి, అది ఉంటుందన్న భరోసా ఏమిటి? 2010లో బెర్లిన్‌లో కొందరు కుర్రాళ్ళు వండర్‌లిస్ట్ అనే యాప్ తెచ్చారు. అందంగా ఉంది, ఉచితంగా ఇచ్చారు, లక్షలమంది మరిగారు. 2015లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొంది. 2017లో టు డూ అని తన సొంత యాప్ పెట్టుకుంది. దాంతో పాతదానికి రోజులు దగ్గరపడ్డాయని అందరికీ అర్థమైంది. దాన్ని పుట్టించినవాళ్ళలో ఒకడైన క్రిస్టియన్ రీబర్ 2019లో, నా యాప్ నాకే తిరిగి అమ్మండి బాబూ అని బహిరంగంగా అడిగాడు. అమ్మలేదు. 2020 మే 6న తాళం వేశారు. ఆయనేమో తర్వాత సూపర్‌లిస్ట్ అని ఇంకోటి మొదలుపెట్టాడు. ఈ జాబితాల జబ్బు తయారుచేసేవాణ్ణి కూడా వదలదన్నమాట.

మా నాన్నగారికి ఏ జాబితా ఉండేది కాదు. అయినా ఏ పనీ మర్చిపోయేవారు కాదు, ఊళ్ళో ఆయనకా పేరుండేది. ఆయన చొక్కా తగిలించుకుంటుంటే అమ్మ వంటింటి గుమ్మంలోంచి చెప్పేది: శిస్తుకి ఇవాళే ఆఖరు, వచ్చేటప్పుడు చిన్నాడి పరీక్ష ఫీజు కట్టండి, తోడల్లుడిగారి ఉత్తరానికి జవాబు రాయలేదు, గొడుక్కి పుల్ల వేయించాలి. ఆయన ‘ఊ’ అనేవారు. అన్నీ చేసుకొచ్చేవారు, పేరు ఆయనకొచ్చేది. ఆ జాబితాకు చందా లేదు, విభాగాల లెక్క లేదు, ఎన్నేళ్ళైనా దేన్నీ పారేసుకోలేదు. అమ్మ తన పని ఏదైనా అందులో వేసుకుందో లేదో మాకెవరికీ తెలీదు. కంటి ఆపరేషను మాట ఒకటి మాత్రం చాలాకాలం వినిపించేది. కోతలయ్యాక అనేది. తర్వాత పండగ వెళ్ళాక అనేది. తర్వాత పిల్లల పరీక్షలు అయిపోనీ అనేది. వాయిదా బొత్తాం అప్పటికి పుట్టలేదు, అయినా ఆవిడ దాన్ని తనమీదే నొక్కుకునేది. మేమూ ‘ఊ’ అనేవాళ్ళం.

సరే, మా వంటింట్లో గోడకు వెంకట్రామా వారి క్యాలెండరు ఉంది. అందులో ప్రతి గడిలోనూ తిథి, వర్జ్యం, రాహుకాలం ముందే అచ్చువేసి ఉంటాయి. మిగిలిన చోట మా ఆవిడ దారంకట్టిన పెన్నుతో గ్యాసు బండ మార్చిన తేదీ, పాలు పొయ్యని రోజులు, పనమ్మాయి మానేసిన రోజులు వేస్తుంది. నిన్న తీరిగ్గా దగ్గరికెళ్ళి చూశాను. నా కరెంటు బిల్లు గడువుంది. నా ఇన్సూరెన్సు ఉంది. నా బీపీ పరీక్ష ఉంది. వచ్చే ఆదివారం గడిలో చిన్న అక్షరాలతో ‘జుట్టు’ అని కూడా ఉంది, పక్కనే టైముతో సహా.

ఇదంతా ఫోన్లోకి ఎక్కించుకుంటే ఇద్దరం ఒకే జాబితా వాడుకోవచ్చు కదా, పంచుకునే సౌకర్యం ఉంది, ఉచితం అన్నాను.

“అందులో వేస్తే మీరు చేస్తారా, చెయ్యమని నాకు గుర్తుచేస్తారా?” అంది.

వెంటనే యాప్ తెరిచి వెతికాను. ఏ పని ఎవరిదో పేరుపెట్టి పంచే ఏర్పాటు దానిలో లేకపోలేదు. కాకపోతే అది కిరీటం వెనక ఉంది. మొదటి ఏడు రోజులూ ఊరికే ఇస్తారట. ఆవిడతో ఇంకా చెప్పలేదు.