ఆడిల్‌స్ట్రాప్: ఒక స్టేషన్ బోర్డు కథ

ఈ కథ ఒక రైల్వే స్టేషన్ పేరు బోర్డుది. ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్ కౌంటీలో, ఈవన్‌లోడ్ నది లోయలో ఉన్న ఆడిల్‌స్ట్రాప్ అనే చిన్న పల్లె పేరు దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. స్టేషన్ ఇప్పుడు లేదు కనుక దాని చరిత్ర చెప్పే బాధ్యత ఈ బోర్డు మీదే పడింది.

ఆక్స్‌ఫర్డ్, ఊస్టర్, వుల్వర్‌హాంప్టన్ రైల్వే కంపెనీ 1853లో ఇక్కడ స్టేషన్ తెరిచింది. అది ఊళ్లో కాదు, ఊరికి ఎడంగా పొలాల మధ్య ఉండేది. 1863లో లైను గ్రేట్ వెస్టర్న్ రైల్వే చేతికి వచ్చింది.

1914 జూన్ 24 మధ్యాహ్నం రచయిత ఎడ్వర్డ్ థామస్, అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్‌ను కలవడానికి ఈ దారిన వెళ్తుండగా రైలు ఇక్కడ ఆగింది. మనిషి జాడ లేదు. ఇంజను ఆవిరి వదిలే చప్పుడూ, చెట్ల మాటున పిట్టల పాటలూ ఆయన నోట్‌బుక్‌లోకి ఎక్కాయి. ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మరుసటి జనవరిలో ఆ నిమిషాన్నే 16 పాదాల కవితగా రాసి, దానికి స్టేషన్ పేరే పెట్టాడు. 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్స్‌లో ఆరాస్ దగ్గర యుద్ధంలో మరణించాడు. అదే నెలాఖరులో ఆ కవిత 'న్యూ స్టేట్స్‌మన్' పత్రికలో వచ్చింది. దాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. పల్లె స్టేషన్‌కు లోకంలో పేరు తెచ్చింది ఆ కవితే.

కార్లు, లారీలు పెరిగాక చిన్న స్టేషన్ల రాబడి పడిపోయింది. 1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక రెండు వేలకు పైగా స్టేషన్లను మూసేయమంది. ఆడిల్‌స్ట్రాప్ 1966 జనవరి 3న మూతపడింది. లైను మాత్రం ఉంచారు. పట్టాలకూ సిగ్నళ్లకూ అయ్యే ఖర్చు అలాగే ఉండగా స్టేషన్‌ను తీసేస్తే రైల్వేకు మిగిలేది కొంతే. ఊరికి మాత్రం రైలే లేకుండా పోయింది. ఇది న్యాయమైన లెక్క కాదు.

భవనాలు కూల్చేశారు. బోర్డూ, ప్లాట్‌ఫారం బెంచీ ఊళ్లోని బస్ షెల్టర్‌కు చేరాయి. బెంచీకి బిగించిన ఫలకం మీద ఆ కవిత ఉంది. థామస్ ప్రయాణానికి నూరేళ్లు నిండిన 2014 జూన్ 24న ఒక ప్రత్యేక రైలు పాత స్టేషన్ చోట ఆగింది.

లండన్ నుంచి ఊస్టర్ వెళ్లే రైళ్లు ఇప్పటికీ ఈ లోయలోంచే పోతాయి. బోర్డును చూడదలచినవారు కింగ్‌హమ్‌లోనో, మోరెటన్-ఇన్-మార్ష్‌లోనో దిగి రోడ్డు దారిన రావాలి.