కుడికాలి బూటు

కర్నూలులో ఒక టీచరమ్మ కుడికాలి రన్నింగ్ షూని నేను. ఎడమది నాతోనే పుట్టింది, ఒకే డబ్బాలో వచ్చింది. కానీ ఆమె ఒరిగేది కుడివైపుకు. నా మడమ బయటి అంచే ముందు అరిగింది. అందుకే ఆమె పరుగు సంగతి నాకే ఎక్కువ తెలుసు.

చదువుకునే రోజుల్లో ఆమె ఎనిమిది వందల మీటర్లు ఉరికేదట. తర్వాత పెళ్లి, పిల్లలు, బడి, అత్తగారి జబ్బు. ఇరవయ్యేళ్లు పరుగు ఊసే లేదు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చాకే నన్ను కొన్నది.

మొదటి పొద్దున ఔట్‌డోర్ స్టేడియంలో ఆమె పాత ఎనిమిది వందల మీటర్ల ఊపుతోనే బయలుదేరింది. పరుగులో అడుగు పడ్డప్పుడల్లా ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ నేలనుంచి పైకొస్తుంది. నా నురగ కొంత మింగుతుంది, మిగతాది ఆమె ముంగాలి ఎముకకే. వారం తిరక్కుండానే ఆ ఎముక పొడవునా నొప్పి పట్టింది.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ఊపిరి, గుండె కొన్ని వారాల్లో దారికొస్తాయి. తాడులాంటి స్నాయువులకూ ఎముకలకూ నెలలు పడుతుంది. ఎన్నడూ ఉరకనివాళ్లు భయంతో మెల్లగానే పోతారు. ఒకప్పుడు ఉరికినవాళ్లకు వేగం గుర్తుంటుంది. ఆ గుర్తును మోసే కాలు మాత్రం ఇప్పుడు లేదు.

రిటైరైన పీఈటీ సారొకాయన ఆమె కుంటడం చూసి ఆపినాడు. "ఏమ్మా, నువ్వు ఇప్పుడు ఒకటో తరగతి అనుకో. ఒక నిమిషం ఉరుకు, ఒకటిన్నర నిమిషం నడువు. మాట్లాడుకుంటా ఉరకగలిగితే అదే నీ స్పీడు" అన్నాడు. ఆ లెక్క కొత్తది కాదు. 1996లో అమెరికాలో జాష్ క్లార్క్ యాభై దాటిన తన తల్లి కోసం తొమ్మిది వారాల ప్రణాళిక రాసింది సరిగ్గా అలాగే: వారానికి మూడు రోజులు, ఉరకడం, నడవడం, మళ్లీ ఉరకడం. మా టీచరమ్మకు ఆ నడకే కష్టమనిపించింది. పక్కనుంచి పిల్లలు దూసుకుపోతుంటే నడవాలి మరి. నొప్పి తగ్గేదాకా ఓర్చుకున్నది, ఆ తర్వాత కూడా ఆ లెక్క తప్పలేదు.

పందెం ఆగస్టులో అంటే సాధన ఏప్రిల్, మే నెలల్లో. కర్నూలులో ఆ నెలలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు, నలభై దాటిన ఎండలు. నాలుగున్నరకు లేచేది. ఎండ ఎక్కేలోగా ఇల్లు చేరేది, ఉప్పు వేసిన మజ్జిగ చెంబెడు తాగేది. వేడిలో పది పద్నాలుగు రోజులు నెమ్మదిగా సాధన చేస్తే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట ముందే పడుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. సీమ ఎండ ఆమెను ఏడిపించిందీ నిజమే, తయారు చేసిందీ నిజమే.

ఆదివారాలు కేసీ కాలువ గట్టుకు పోయేవాళ్లం. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలువ అది, కర్నూలు నుంచి కడప దాకా. వేసవిలో అందులో నీళ్లుండవు, గట్టంతా పల్లేరు కాయలు. నా అడుగు గాళ్లలో దిగబడితే ఆమె కల్వర్టు మీద కూర్చుని, నన్ను ఒళ్లో తిప్పి పెట్టుకుని, పిన్నీసుతో ఒక్కొక్కటే తీసేది. జూన్‌లో తొలి వాన పడ్డాక నల్లరేగడి మొదలైంది. అడుగడుగుకీ పొర మీద పొర అంటుకుని నా బరువు రెండింతలయ్యేది. ఇంటికొచ్చాక కడిగి, లోపల పాత పేపరు కుక్కి, వరండా నీడలో పెట్టేది. కాలే కడప బండ మీద ఎప్పుడూ ఆరబెట్టలేదు. ఎండకు బంక ఊడుతుంది, నురగ గట్టిపడుతుంది. ఆ జాగ్రత్త వల్లే ఇంతకాలం ఉన్నాను.

జగన్నాథగట్టు కొండ ఎక్కడం చివర్లో చేర్చింది. నిటారు చోట నడక, వాలు తక్కువైన చోట పరుగు. హైదరాబాద్ రోడ్లు బండల మీద పరుచుకున్నవి, ఎక్కుడూ దిగుడూ తప్పవు. పిక్కలు అందుకు ముందే సిద్ధమయ్యాయి.

ఆగస్టు పొద్దున పందెం మొదలయ్యే హైటెక్స్ దగ్గర మబ్బు పట్టింది, గాలి చల్లగా ఉంది. మే మాసం చూసిన కాళ్లకు అది వరం. మొదటి కిలోమీటరులో వందలమంది దాటిపోయినా ఆమె వేగం పెంచలేదు. 2002 జాతీయ క్రీడలు జరిగిన గచ్చిబౌలి స్టేడియంలోకి అడుగుపెట్టేసరికి, ముందు దాటిపోయినవాళ్లలో చాలామంది నడుస్తున్నారు. ఆమె ఉరుకుతూనే గీత దాటింది. గంటన్నర దగ్గరపడింది. ఆ కాలంతో నాకు పూర్తి తృప్తి.

నాలాంటి బూటు ఆయుష్షు ఐదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లు. అడుగు భాగం బాగున్నట్టే కనబడుతుంది గానీ లోపలి నురగ ముందే చచ్చిపోతుంది. నాదీ అయిపోయింది. ఇప్పుడు కూరగాయల మార్కెట్టుకు పోతున్నాను, పరుగుకు కొత్త జత వచ్చింది.

మళ్లీ ఉరకాలనుకునే కర్నూలు, కడప అక్కలారా, ఏప్రిల్ దాకా ఆగకండి. కార్తీకం చలిలో మొదలుపెట్టండి, ఎండలొచ్చేసరికి ఎముక గట్టిపడుతుంది. మొదటి వారాల్లో మాత్రం నిమిషం ఉరికాక నడవండి, ఎవరు చూస్తున్నా సరే.